నోరెత్తకూడని కుర్చీ

నేను ఒక మడత కుర్చీని. ఈ కాలపు ప్లాస్టిక్ కుర్చీల్లాగా తెల్లగా, తేలిగ్గా, ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చునే రకాన్ని కాదు. ఇనుప గొట్టాల కాళ్ళు, రేకు సీటు, ముదురు పచ్చ రంగు, వీపు మీద తెల్ల పెయింటుతో నలభై ఒకటి అని నంబరు. ఎవరైనా కూర్చుంటే కుయ్యిమంటాను. లేస్తే మళ్ళీ కుయ్యిమంటాను. ఆ మూలుగుకి కారణం నా పుట్టుకలోనే ఉంది.

నేను పుట్టింది రాజమండ్రిలో, గోదావరి గట్టుకి రెండు వీధుల అవతల ఒక రేకుల షెడ్డులో. నన్ను బిగించే వేళకి అక్కడ ముగ్గురు మేస్త్రీలున్నారు. ఎడమ కాలి మడతని పట్టి ఉంచే రివిట్ గట్టిగా ఉండాలని ఒకాయన సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అంత బిగిస్తే మడత పడదని ఇంకొకాయన సడలించాడు. మూడో ఆయన "ఏదీ, ఇలా ఇవ్వండి" అని లాక్కుని, మధ్యస్థంగా ఉండాలని ఇంకో దెబ్బ వేశాడు. ముగ్గురూ పనిమంతులే. ముగ్గురి మాటా నిజమే. నా రివిట్ మాత్రం ఆ రోజు నుంచీ అటూ కాలేదు, ఇటూ కాలేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు కదా, ఆ సంగతి నాకు పుట్టిన రోజునే తెలిసిపోయింది.

మొదట కొన్నేళ్ళు కోనసీమలో ఒక డేరా సినిమా హాల్లో పనిచేశాను. కథల మీద మోజు అక్కడే పట్టుకుంది. డేరా ఎత్తేశాక నన్నూ నా తోటివాళ్ళనీ నిడదవోలులో షామియానాలు అద్దెకిచ్చే ఆయన కొనుక్కున్నాడు. ఆయన పోయాక కొడుకు బుల్లబ్బాయి మా యజమాని అయ్యాడు. అప్పట్నుంచీ నా బతుకంతా మనుషుల ఇళ్ళ ముందే. నిన్న పెళ్ళిలో నా మీద కూర్చుని వంకాయ కూరలో ఉప్పెక్కువైందని గోల చేసిన పెద్దమనిషే, ఇవాళ చావింటి ముందు నా మీద కూర్చుని "ఏముందండీ, అంతా మాయ" అంటాడు. రేపు పార్టీ మీటింగులో చెప్పులతో సహా నా మీదకెక్కి ఈలలు వేస్తాడు. నేను ముగ్గుర్నీ మోశాను. బరువు ఒక్కటే.

ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక పెళ్ళిళ్ళకి మమ్మల్ని పిలవడం మానేశారు. అప్పుడు నాకు దొరికిన కొత్త ఉద్యోగమే కథల సంఘం. నిడదవోలులో మూతబడ్డ ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద ప్రతి నెలా రెండో ఆదివారం పాతికమంది చేరి ఒక కథ విని, దానికి సలహాలిస్తారు. వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. కథ చదవడం అయ్యాక, అందరూ చెప్పేది పూర్తయ్యేదాకా రచయిత నోరెత్తకూడదు. సంజాయిషీ లేదు, "నా ఉద్దేశం ఏమిటంటే" లేదు. వినాలి, రాసుకోవాలి. అందరికీ ఎదురుగా ఒంటరిగా వేసే ఆ కుర్చీ నేనే. మిగిలినవాళ్ళు తెల్ల ప్లాస్టిక్ కుర్చీల్లో ఉంటారు. నా మూలుగు భరించేవాళ్ళు లేక నన్ను రచయితకి కేటాయించారు. ఆ గంటసేపూ రచయిత తరఫున నేనే కుయ్యిమనేదాన్ని.

ఎన్ని సలహాలు విన్నానో లెక్కలేదు. ఒక సంగతి మాత్రం చెప్పగలను. "మీ కథలో" అని మొదలుపెట్టి, మూడో వాక్యానికల్లా "నేనైతే" అనేవాళ్ళు పదిమందిలో ఏడుగురు. పాపం, వాళ్ళు చెబుతున్నది తాము రాయలేకపోయిన కథ.

ఒక ఆదివారం నా మీద వకుళ కూర్చుంది. స్టేషన్లో టికెట్ కౌంటరు ఉద్యోగి. నలభై దాటిన మనిషి. రోజూ అద్దం అవతలి జనంతో నాలుగు ముక్కల్లో మాట్లాడే అలవాటువల్ల కాబోలు, కథ కూడా పొదుపుగా రాసింది. చదవబోయే ముందు ఒకే మాట చెప్పింది. "ఇది మా అమ్మకి వినిపించడానికి రాశానండీ. బాగోకపోతే వినిపించను."

రెండో పేజీకల్లా నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ కథలో నేనున్నాను!

నాలుగేళ్ళ కిందట వకుళ తండ్రి పెద్దకార్యానికి బుల్లబ్బాయి నన్ను తీసుకెళ్ళాడు. ఆయనకి బాబాయి కొడుకు తాతారావని ఒకాయన ఉన్నాడు. రెండేళ్ళు మనిషి మంచాన ఉంటే ఒక్కసారి గుమ్మం తొక్కనివాడు, ఆ రోజు మాత్రం నలుగురికీ వినబడేలా "అన్నయ్యా, నన్నొదిలి వెళ్ళిపోయావా" అని నా మీద కూర్చుని శోకాలు పెట్టాడు. ఆ ఊపులో నేను మడతపడిపోయాను. ఆయన వెల్లకిలా పడి, కాళ్ళు పైకి లేచి, పంచె మోకాళ్ళ పైకి పోయి, "అన్నయ్యా" అన్న మాట "అమ్మో" అయిపోయింది. వకుళ తల్లి భాస్కరమ్మగారు అది చూసి నవ్వారు. ఆపుకోలేక, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వి, పది రోజులుగా సరిగ్గా అన్నం ముట్టనావిడ విస్తరి ముందు కూర్చుని "ఇంకో రెండు గారెలు వెయ్యండి" అన్నారు. అంతే. అప్పట్నుంచీ బంధువుల్లో ఆవిడకి పేరు పడిపోయింది, మొగుడి కార్యం నాడు నవ్విన మనిషని. నాటి నుంచి ఆవిడ టీవీలో హాస్యం వచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారట. ఆ నవ్వులో తప్పు లేదని అమ్మకి చెప్పడానికే వకుళ కథ రాసింది.

చదవడం అయ్యింది. సలహాలు మొదలయ్యాయి.

రిటైరైన హెడ్మాస్టరుగారు ముందు లేచారు. "ఇల్లాలు ఆ సమయంలో నవ్వడం ఔచిత్యం కాదమ్మా. నవ్వినట్టు మొదలుపెట్టి ఏడుపులోకి తిప్పండి, కన్నీళ్ళు పెట్టుకోని పాఠకుడు ఉండడు." బ్యాంకు మేనేజరుగారికి సందేశం కనిపించలేదు. ఈమధ్యే రెండు కథలు అచ్చయిన యువకుడు, వర్షంతో మొదలుపెడితే వాతావరణం వస్తుందన్నాడు. ఇంకొకాయన కుటుంబాన్ని రైతు కుటుంబం చేసెయ్యమన్నాడు, అప్పుడు దానికి విస్తృతి వస్తుందట. వకుళ అన్నీ నోటు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

చివరికి నరసింగరావుగారి వంతు వచ్చింది. లెక్కల లెక్చరరుగా రిటైరయ్యారు. ఆయన నోట్లోంచి మెత్తటి మాట వచ్చిన రోజు నాకు గుర్తులేదు. "కథ రాయడమంటే టికెట్టు కొట్టి ఇచ్చినంత తేలిక కాదమ్మా. ముందు దీన్ని చివర నుంచి మొదటికి చెప్పండి, కాస్త చదివించుకుంటుంది. ఇంకోటి, మీ కథలో అందరూ మనుషులే, కూతురొక్కతే దేవత. అందరూ తల్లిని తిడుతుంటే ఈ పిల్ల మాత్రం అన్నీ అర్థం చేసుకుని కిటికీ పక్కన నిలబడింది. నాకు నమ్మకం కుదరలేదు."

వకుళ ఆయన మాటలు రాసుకోలేదు. పెన్ను మూత పెట్టేసింది. నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆ రోజు కిటికీ పక్కన ఎవరూ నిలబడలేదు. వకుళ తల్లి మోచెయ్యి పట్టుకుని, పళ్ళ బిగువున "నోరు మూసుకో అమ్మా, పరువు తీస్తున్నావు" అంది. మొట్టమొదట అన్నది వకుళే, బంధువులంతా తర్వాత అందుకున్నారు. నేను పక్కనే పడి ఉన్నాను, నా చెవులతో విన్నాను. నరసింగరావుగారు అక్కడ లేరు. అయినా ఆయన వేలు సరిగ్గా అక్కడే పడింది.

మరుసటి నెల వకుళ కథ తిరగరాసి తెచ్చింది. నరసింగరావుగారి మాటలు తప్ప అందరి మాటలూ పాటించింది. వర్షం కురిసింది. రైతు వచ్చాడు. భాస్కరమ్మగారు నవ్వబోయి భోరుమన్నారు. చివర ఒక పేరా సందేశం కూడా పడింది. చదువుతుంటే వకుళ గొంతులోనే ఉత్సాహం లేదు.

విన్నవాళ్ళు ఏమన్నారనుకున్నారు? హెడ్మాస్టరుగారు ఏడుపు కాస్త ఎక్కువైందన్నారు. మేనేజరుగారికి సందేశం ఉపన్యాసంలా వినిపించింది. యువకుడు "ఈ వానెందుకండీ, పాత పద్ధతి" అన్నాడు. "పోయినసారిదే బాగుందేమో" అని ముగ్గురు తలలూపారు. ఎవరికీ తాము చెప్పిన సలహా గుర్తులేదు! నాకు నోరుంటే ఆ రోజు కట్టుబాటు తప్పేదాన్ని. వకుళకి నోరుండీ లాభం లేకపోయింది.

అందరూ మెట్లు దిగిపోయారు. వకుళ నా మీదే కూర్చుండిపోయింది. కాగితాలు నిలువునా చింపబోతుండగా కుర్చీలు తీసుకెళ్ళడానికి బుల్లబ్బాయి వచ్చాడు. వెనక గుమ్మంలో నిలబడి రెండుసార్లూ కథ విన్నాడట.

"అమ్మగోరూ, ఒక మాట చెప్పనాండి? మొదట చదివిందాన్లో ఆ తాతారావుగోరు లావని, అందుకే కుర్చీ మడిసిపోయిందని రాశారు. అది తప్పండి. లావు మనిసి యెనక్కి జారబడి కూకుంటే ఈ కుర్చీ ఏనుగునైనా మోస్తాదండి. ముందుకి జరిగి, అంచు మీద కూకుంటేనే మడుస్తాది. ఆయన అందరికీ కనపడాలని అంచుకి జరిగి ఏడిశాడండి. నేను చూశాను కదా."

ముప్పై ఎనిమిదేళ్ళుగా నా రివిట్ని తిట్టుకుంటున్నాను నేను. ఆ ఒక్క మాటతో గుండె తేలికపడింది. వకుళ మొహం కూడా వెలిగింది. నవ్వు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది మరి. మనిషి లావుకి కాదు, దొంగ ఏడుపు అంచుకి జరగడానికి!

మెచ్చుకోగానే బుల్లబ్బాయికి హుషారొచ్చింది. "ఇంకోటండి, చివర్లో ఆయనకి నడుం ఇరిగినట్టు పెట్టండి. చేసినదానికి శాస్తి జరగాల కదండి. ఆయ్, అదిరిపోద్ది!"

వకుళ పకపకా నవ్వింది. "మొదటిది పుచ్చుకుంటాను బుల్లబ్బాయ్ గారూ. రెండోది మీరే ఉంచుకోండి."

ఆ మాట అన్నాక తనే ఆగిపోయింది. ఒకే నోటి నుంచి ఒకటి బంగారం, ఒకటి ఇత్తడి వచ్చాయి కదా. ఈసారి పుస్తకం తెరిచి, ఒక్కొక్క సలహా పక్కన పెన్ను ఆనించి పైకే అనుకుంది, "ఇది చేస్తే అమ్మ నవ్వు ఉంటుందా, పోతుందా?" ఏడుపు కొట్టేసింది. వాన, రైతు, సందేశం కొట్టేసింది. ఖాళీగా ఉన్న చివరి గీత దగ్గర పెన్ను ఆగింది. అక్కడ నరసింగరావుగారు ఉండాలి. ఆయన చెప్పిన తలకిందుల కథ రాసి, వెంటనే కొట్టేసింది. టికెట్ల మాట అసలు రాయలేదు. దేవత మాట రాసింది. కొట్టెయ్యలేదు.

"బుల్లబ్బాయ్ గారూ, ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు కదా. నేను మా అమ్మనేమన్నానో విన్నారా?"

బుల్లబ్బాయి కుర్చీలు దొంతర పెడుతూ తల వంచుకున్నాడు. "యిన్నానండి. నలుగుర్లో అందరూ అనేదే కదండి."

"అందరూ అంటే సరే. అమ్మ వైపు నిలబడాల్సిన దాన్ని నేను. నేనన్నాను. కథలో మాత్రం కిటికీ దగ్గర నిలబడ్డాను."

నాకు వకుళ మీద జాలేసింది, గౌరవం కూడా కలిగింది. ఇన్నేళ్ళలో నేను తెలుసుకున్నది ఇంతే. కోపం తెప్పించే సలహాలు రెండు రకాలు. ఒకటి ఇంటికెళ్ళి స్నానం చేసేసరికి మరుపున పడుతుంది. రెండోది అన్నం తింటున్నా, టికెట్లు కొడుతున్నా ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. ఆ రెండోదాన్ని చెప్పినవాడి నోరు ఎలాంటిదైనా సరే, తీసుకోవాలి.

ఇప్పుడు నేనున్నది బుల్లబ్బాయి షెడ్డు వెనక పాత ఇనుము గుట్టలో. తుప్పు మోకాళ్ళ దాకా వచ్చింది. పక్కన రంధ్రం పడ్డ గంగాళం, చక్రాలు లేని తోపుడుబండి. వచ్చే వారం లారీ వస్తుందంటున్నారు. కరిగించి ఏం చేస్తారో తెలియదు, దిగులూ లేదు. కానీ నేను మోసిన ఆఖరి కథల ఆదివారం గురించి చెప్పకుండా పోతే మాత్రం నాకు మనసొప్పదు.

ఆ రోజు వకుళ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. భాస్కరమ్మగారు ముందు వరసలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నారు. వకుళ చదవసాగింది. తాతారావు అంచుకి జరిగిన చోట హాలంతా గొల్లుమంది. నరసింగరావుగారి పెదవి కూడా కదిలింది. భాస్కరమ్మగారు మాత్రం గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాతి వాక్యం దగ్గరికి వచ్చేసరికి వకుళ నా మీద సర్దుకుని కూర్చుంది. ఆ కదలికకి నా రివిట్ టకటకమంది. "'నోరు మూసుకో అమ్మా, పరువు తీస్తున్నావు' అన్నాను. ఆ మాట మొదట అన్నది మా బంధువులు కాదు, నేను" అని చదివింది. తలెత్తకుండా చివరిదాకా చదివి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "బాగుందమ్మా. అయితే ఆ ఒక్క మాటా మరీ కటువుగా ఉంది. కన్నతల్లిని కూతురు అలా అనడం వినడానికి బాగోదు. 'ఊరుకో అమ్మా' అని మెత్తగా మార్చండి, సరిపోతుంది."

వకుళ నోరెత్తకూడదు. నా సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

భాస్కరమ్మగారు లేచి నిలబడ్డారు. "మార్చకండి బాబూ" అన్నారు. "అది ఆ మాట అన్నానని ఎప్పుడు ఒప్పుకుంటుందా అని నాలుగేళ్ళుగా కాసుకుని కూర్చున్నాను. తీరా ఇప్పుడు ఒప్పుకుంటే, మీరొచ్చి మెత్తబెట్టేస్తే ఎలాగండీ?"

అని కూతురి వైపు చూసి నవ్వారు. కొంగు భుజం మీదే ఉంది.