దించు

గడియారాన్ని మాత్రం అతను ఈ జన్మలో క్షమించడు. గడియారం అంటే గోడకి వేలాడేది కాదు, సైటు సూపర్‌వైజరు. మాటకొకసారి మణికట్టు తిప్పి టైము చూసుకుంటాడని కూలీలు పెట్టిన పేరు. "నేను ఆపమన్నాను, సిగ్నలోడే దించమన్నాడు" అని ఎంక్వయిరీలో కళ్లార్పకుండా చెప్పిన మనిషి.

ఆ మనిషే ఇప్పుడు వెనక నిలబడి అరుస్తున్నాడు.

"ఏంటయ్యా గుడ్లప్పగించి చూస్తున్నావ్? దించమను!"

మిట్టమధ్యాహ్నం. రెండో అంతస్తు ఎత్తున క్రేను కొక్కేనికి ఇనుప చువ్వల కట్ట వేలాడుతోంది. దాన్ని అందుకోవడానికి కింద ఇద్దరు తలలు పైకెత్తి నిలబడ్డారు. క్రేను డ్రైవరు ఇతని చెయ్యి వైపే చూస్తున్నాడు. పదహారేళ్లుగా ఇతని పని అదే. డ్రైవరుకి కనపడనిది తను చూసి, చేత్తో చూపించి, నోటితో అరవాలి. లేపు, తిప్పు, ఆపు, దించు. మూడో క్లాసులో బడి మానేసినవాడికి ఆ నాలుగు మాటలే ఇన్నాళ్లూ కూడు పెట్టాయి.

నాలుగో మాట ఐదు నెలలుగా నోట రావడం లేదు, చేత్తోనే చూపించి నెట్టుకొస్తున్నాడు.

ఆ రోజూ ఇలాంటి కట్టే. మోకు బదులు వాడే బెల్టు అంచు చీలి పోగులు లేచాయి. "బెల్టు పోయింది సార్" అన్నాడు. "ఈ ఒక్క ట్రిప్పుకీ కానివ్వు, టైమెంతయిందో చూశావా?" అన్నాడు గడియారం. ఇతను పైకి చూసి "దించు" అన్నాడు. బెల్టు తెగింది. కింద ఉన్నది బావమరిది. ఆ పొద్దున ఇతని కొత్త చెప్పులు తొడుక్కొచ్చి, "నీ కాళ్లకి బరువని తెచ్చేశా బావా" అని నవ్వినవాడు.

ఒంటి మీద గీత కూడా పడలేదు కాబట్టి ఇతనికి ఏ దెబ్బా తగల్లేదని రాసుకున్నారు. "దించు" అన్న మాట మాత్రం ఎక్కడికెళ్లినా వెంటపడింది. బస్సులో ఓ ముసలామె "ముందు స్టాపులో దించు నాయనా" అంటే కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయాడు. చొక్కా తడిసిపోయింది, ముక్కుకి తుప్పు వాసన కొట్టింది. మధ్యలోనే దిగి ఇంటికి నడిచాడు. ఇంట్లో భార్య ఓసారి "పాలు పొంగుతున్నాయి, దించు" అంది. వచ్చి చూస్తే గిన్నె మాడిపోతోంది. ఇతను గోడ మూల నక్కి తల మీద చేతులు కప్పుకుని ఉన్నాడు. అప్పట్నుంచీ ఆమె "పొయ్యి మీంచి తియ్యి" అంటోంది. పోయింది ఆమె తమ్ముడు. ఒక్కసారీ "ఎందుకన్నావ్" అని అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేదనిపిస్తుంది అతనికి.

సైట్లో అందరూ నాటకాలన్నారు. ఆస్పత్రి నర్సు అలా అనలేదు.

"ఇదీ దెబ్బే అన్నా. ఆ రోజు అయిపోయిందని నీ బుర్రకి తెలుసు, ఒంటికింకా తెలీలేదు. అందుకే నిన్ను అక్కడికే లాక్కుపోతోంది. మానుతుంది. టైం పడుతుంది, వస్తూ ఉండు."

"ఎంత టైం?"

"గడియారం చూసి చెప్పేది కాదన్నా."

ఐదు నెలల్లో అతను నవ్వింది అప్పుడొక్కసారే.

"ఏమయ్యా, నోటికి తాళమేసి చెవి పెళ్లాం దగ్గర పెట్టొచ్చావా?" అంది సైట్లో పక్కన ఇసుక తట్ట మోస్తున్నామె.

అతను వినలేదు. కట్ట చుట్టూ ఉన్న బెల్టునే చూస్తున్నాడు. అంచున పోగులు లేచి ఉన్నాయి. ఇది ఆనాటి బెల్టా, ఈనాటిదా? కళ్లు మూసి తెరిచాడు. పోగులు అలాగే ఉన్నాయి. తన కళ్లని తనే నమ్మి చాన్నాళ్లయింది.

"అక్కా... ఆ బెల్టు చూడు. పోగులు నాకే కనపడుతున్నాయా?"

ఆమె తట్ట కింద పెట్టింది. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. మొహంలో ఎగతాళి పోయింది.

"లేదయ్యా. నాకూ కనపడుతున్నాయి."

అతని చెయ్యి పైకి లేచి పిడికిలి బిగుసుకుంది. ఆపు అని గుర్తు.

"దించమంటుంటే?" గడియారం దగ్గరికొచ్చాడు. "అంటావా, అనవా?"

"అనను. కిందోళ్లని పక్కకి రమ్మనండి."

"ఈ పూట నీ పేరు కొట్టేస్తున్నా."

"కొట్టేసుకోండి."

కింద ఉన్న ఇద్దరూ ఆ పిడికిలి వైపు చూశారు. ఒకడు ఓ అడుగు వెనక్కి వేశాడు. రెండోవాడు రెండడుగులు వేశాడు. క్రేను కదల్లేదు, కట్ట గాల్లో మెల్లగా ఊగుతోంది. చెయ్యి నొప్పెడుతోంది, తెరుద్దామన్నా వేళ్లు రావడం లేదు. గడియారం మణికట్టు చూసుకుని, జేబులోంచి పుస్తకం తీసి గీత గీశాడు.

ఆ పూట కూలి, మూడు వందల ఇరవై ఐదు.