నలభై ఒకటో పేజీలో సాలు

పాత పుస్తకాల పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవని నాకో పొగరు. ముప్పై నాలుగేళ్లు ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మాన్యువల్స్ టైపు చేసి, దిద్ది, అచ్చుకు పంపి రిటైరయ్యాను. గోవర్ధన్ అనే లెక్చరర్ ఫోన్ చేసి, పంచ్ కార్డుల కాలంలో మా కేంద్రం తయారుచేసిన గణాంక ప్రోగ్రామ్ మాన్యువల్ చరిత్ర రాస్తున్నానని, ఏ ముద్రణ ఎప్పుడు వచ్చిందో చెప్పమని అడిగితే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

1983 నాటి రెండో ముద్రణ, 1986 నాటి మూడో ముద్రణ నా దగ్గరే ఉన్నాయి. రెండోదాంట్లో నలభై ఒకటో పేజీలో ఒక ఉదాహరణ ఉంది. మామిడిపల్లి జొన్నచేలో పన్నెండేళ్ల దిగుబడి. మూడోదాంట్లో అది లేదు. ఆ అంకెలు నమ్మదగినవి కావని తేలినందున తొలగించామని ఒక వాక్యం మాత్రం ఉంది. ఆ అంకెలు రాసింది ఈశ్వరయ్య, చేలో కొలతలు తీసే రోజుకూలీ మనిషి. కేంద్రం ఆ చేను తీసుకుని ఏడేళ్లు కూడా కాలేదు, పన్నెండేళ్ల పంట ఎక్కడిదని విచారణ పెట్టి, లేనిది కల్పించాడని అతన్ని పనిలోంచి తీసేశారు. మాన్యువల్ రాసిన శాస్త్రవేత్త అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయాడు. విచారణలో మాటలన్నీ టైపు చేసింది నేనే.

1980 నాటి మొదటి ముద్రణే ఎక్కడా దొరకలేదు. సైక్లోస్టైల్ తీసిన యాభై ప్రతులనూ లైబ్రరీ వాళ్లు ఎప్పుడో తూకానికి వేసేశారు. చివరికి ఆ మిషన్ తిప్పిన షుజాత్ భాయ్ గుర్తొచ్చాడు. ఆరాంఘర్‌లో ఆటో మారి, జల్‌పల్లిలో ఆయన ఇల్లు కనుక్కునేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. ఆయన తీసిన ప్రతి పుస్తకానికీ ఒక కాపీ దాచుకున్నాడట. ఇనప్పెట్టెలోంచి తీసి నా ఒళ్లో పెట్టాడు.

నలభై ఒకటో పేజీ తీశాను. అందులో ఏళ్ల మాటే లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో సాలు ఒకటి, సాలు రెండు అని పన్నెండు దాకా ఉంది. ఇదేమిటని అడిగితే, నాగలి గీసిన గీత అన్నాడు షుజాత్ భాయ్, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. పన్నెండు సాళ్లు, ఒక్క పంట. ఏ సాలులో ఎంత పండిందో ఈశ్వరయ్య విడివిడిగా తూచి రాశాడు.

రెండో ముద్రణకు స్థానిక మాటలన్నీ తీసి ఇంగ్లీషు పెట్టింది నేను. మాది తెనాలి. మా వైపు నాగటి గీతను చాలు అంటాం. హైదరాబాద్ వచ్చి అప్పటికి మూడు నెలలు. సాల్ అంటే ఉర్దూలో ఏడాది అని ఆఫీసులో నేర్చుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ మురిపెంలో ఎవర్నీ అడక్కుండా పన్నెండు చోట్ల ఇయర్ అని కొట్టాను.

విచారణ కూడా ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడే అర్థమైంది. విచారణాధికారి మాటల్లో సగం ఉర్దూనే. పన్నెండు సాల్‌ది నువ్వే రాశావా అని అడిగాడు. "రాసిన సార్, పన్నెండు సాలుది. నా చేతులతోనే తూచిన," అన్నాడు ఈశ్వరయ్య ధీమాగా. నేరం ఒప్పుకున్నాడని టైపు చేశాను. అతను కింద సంతకం పెట్టి, అందరికీ దండం పెట్టి, తిరిగి చేలో పనికి వెళ్లాడు.

ఈశ్వరయ్య ఊరు మామిడిపల్లే. అక్కడికి వెళ్లకుండా ఉండటానికి రెండు రోజులు వంకలు వెతికాను. అచ్చుతప్పు అని గోవర్ధన్‌తో చెప్పేసి ఊరుకుందామనుకున్నాను. సిగ్గులేని ఆలోచన. తప్పు అచ్చుది కాదు, నాది.

ఈశ్వరయ్య పోయి తొమ్మిదేళ్లయిందట. ఆయన భార్య రుక్కమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. ఆ జొన్నచేను ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఉంది. విమానం వెళ్లినప్పుడల్లా ఆమె మాట ఆపి, మళ్లీ అందుకుంటోంది. నేనెవరో, ఏం చేశానో అంతా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. పుస్తకం చేతికిస్తే, చదవరాదు, ఏం రాసి ఉందో చెప్పమంది. సాలు అని చదివాను.

"సాలే గద," అంది. "గీ ఊర్ల ఎవల్నడిగినా చెప్తుండె. అడగకపోతివి."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి తనే చెప్పుకొచ్చింది. పని పోయిన రోజు ఇంటికొచ్చి, తను అబద్ధం రాయలేదని ఆయన ఒక్కసారి అన్నాడట. అంతమంది చదువుకున్నవాళ్లు ఊరికే అంటారా, వెళ్లి సార్ల కాళ్లు పట్టుకోమని ఈమె పోరు పెట్టిందట. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఇంట్లో జొన్నలు కొలవాల్సి వస్తే మాత్రం, నా కొలత ఎవరు నమ్ముతారు, నువ్వే కొలువు అనేవాడట.

"ఏమడిగిన్రు, నువ్వేం చెప్పినవయ్యా అని ఒక్కనాడైన..." అని ఆగిపోయింది. చేతిలో ఉన్నది బుట్టలో పడేసింది.

"అడిగితే చెప్తుండె. సాలంటే నాకు ఎర్కే గద. నేను గూడ అడగలే బిడ్డా."