సిగ్నల్ దగ్గర కారెడు ఖాళీ

కళ్ళజోళ్ళ కొట్టు నడిపే కోడలు కారు నేర్చుకుని ఇంకా ఏడాది కాలేదు. ఆ ఉదయం అత్తగారిని మోకాలి నొప్పికి ఆస్పత్రికి తీసుకెళ్తోంది. సన్నగా వాన. వంతెన దిగగానే ఎర్రదీపం పడింది. ముందున్న తెల్లకారు వెనక చక్రాలు నేలను తాకే చోటు కనిపిస్తూ ఉండగానే ఆమె ఆపేసింది.

"ఇంకాస్త ముందుకు పోనీయవే. మధ్యలో రెండు మంచాలు వేసుకోవచ్చు" అంది అత్తగారు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన టీచరు.

"ఉండనివ్వండి అత్తయ్యా. వెనకనుంచి ఎవడైనా మీదికొస్తే పక్కకు తప్పుకోవాలిగా."

"ఆగిన బండిని ఎవడు గుద్దుతాడమ్మా, కళ్ళు నెత్తికెక్కితే తప్ప!"

కోడలు నవ్వింది. కానీ గేరు తీయలేదు, వెనక వచ్చేవి కనిపించే అద్దం మీంచి చూపు తిప్పలేదు. వెనక ఇంకో బండి వచ్చి ఆగేదాకా అలాగే చూడమని డ్రైవింగ్ నేర్పినావిడ మరీ మరీ చెప్పింది.

వంతెన మీంచి నీళ్ళ ట్యాంకరు దిగుతోంది. కోడలు బ్రేకును రెండు మూడుసార్లు నొక్కి వదిలింది, వెనక దీపాలు వెలిగి ఆరేలా. అయినా అది ఆగడం లేదు. తడిరోడ్డు మీద జారుతోంది.

"అత్తయ్యా, తల సీటుకి ఆనించండి!"

హారన్ అదిమిపట్టి, స్టీరింగు తిప్పి, కారును రోడ్డంచు బురదలోకి దించేసింది. ట్యాంకరు ఆ ఖాళీలోంచి జారుకుంటూ పోయి తెల్లకారును గుద్ది ఆగింది.

కోడలికి బతికిపోయామన్న ఊరట కలగలేదు. తనకు తగలాల్సిన దెబ్బను ఇంకొకరి మీదికి తోసినట్టనిపించింది. దిగి పరుగెత్తింది. తెల్లకారులో ఒక పెద్దాయన మెడ పట్టుకుని కూర్చున్నాడు.

"నేను తప్పుకున్నాను బాబాయిగారూ, అది మీకు తగిలింది" అంది.

"నువ్వు అక్కడే ఉంటే ఇద్దరం నలిగేవాళ్ళమమ్మా. నీ హారన్ విని అద్దంలో చూశాను. తల ఆనించుకుని బ్రేకు గట్టిగా తొక్కాను. లేకపోతే రోడ్డు దాటుతున్నవాళ్ళ మీద పడేవాణ్ణి."

ట్యాంకరు డ్రైవరు రోడ్డంచున కూలబడి, "బ్రేకు పట్టలేదు, బ్రేకు పట్టలేదు" అంటున్నాడు. అత్తగారు కుంటుకుంటూ వచ్చి అతనికి సీసా అందించింది. "ముందు నీళ్ళు తాగు. ఏడవడానికి చాలా టైముంది."

పోలీసులు వచ్చి రాసుకున్నాక, పెద్దాయనను అత్తాకోడళ్ళే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మెడ బెణికింది, అంతకుమించి ఏమీ లేదన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాకే కోడలు కుర్చీలో కూర్చుంది.