సున్నా దగ్గరి పేరుపలక

రోగులకు మందు ఎక్కించే పంపు పరీక్షలో మళ్లీ ఆగిపోయింది. గొట్టం చివర చుక్క జారకుండా వేలాడుతోంది. కోడ్‌లో తప్పెక్కడుందో వెతికే ప్రోగ్రాం, డీబగ్గరు, వదిన రాసిన లైను చూపించింది.

"ఇది రాసినవాళ్లు ఇక ఇంటికే," అన్నాడు మేనేజరు. "ఆ లైను తీసేసి, సాయంత్రం ఆస్పత్రులకు పంపేయండి."

"మా వదిన అలా రాయదు సార్!" పక్క కుర్చీలోంచి ఆడపడుచు ఎగిరింది. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, ఈ అర్ధమొగుడు ఆఫీసులో ఎప్పుడూ వదిన పక్షమే. గిన్నెలు తోమే వంతు దగ్గర మాత్రం ఇంట్లో రోజూ ఉప్పూ నిప్పూ.

వదినకు ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, అసలు తప్పు లోపలే ఉండిపోయి పంపు ఏ రోగి పక్కనో ఆగుతుందన్న భయం పెద్దది. ఆ లైనున్న ఫంక్షన్‌ అనే కోడ్ ముక్కను ప్రోగ్రాంలో ఎక్కడా ఎవరూ పిలవరే! పిలవనిది పంపునెలా ఆపుతుంది?

అప్పుడు తట్టింది. ఏ ముక్క మెమరీలో ఎక్కడ కూర్చుంటుందో, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరుకు తెలియదు, చిరునామాల చోట ఖాళీలు వదిలేస్తుంది. ముక్కలన్నీ అతికే లింకరు వాటిని నింపుతుంది. ఎవరూ పిలవని ముక్కను పారేస్తుంది కూడా. కానీ డీబగ్గరు చూసుకునే సమాచారంలో దాని పేరు మిగిలిపోయి, చిరునామా చోట సున్నా పడుతుంది. ఈ పంపులో నిజంగా నడిచే కోడ్ కూడా సున్నా నుంచే మొదలు గనక, అది ఆగితే డీబగ్గరు ఈ పేరే చదువుతుంది. కట్టని ఇంటి పేరుపలక తెచ్చి వేరేవాళ్ల గుమ్మానికి కొట్టినట్టయింది.

"తీసేస్తాను, చూడండి సార్." వదిన ఆ ఫంక్షన్ మొత్తం చెరిపేసి, కొత్త ప్రోగ్రాం పంపులోకి ఎక్కించింది. చుక్క జారింది. ఇంకోటి జారింది. పంపు ఆగింది.

"తీసేసిన లైను పంపునెలా ఆపుతుంది సార్!" కొండంత బరువు దిగింది వదినకు.

పలక ఊడింది గనక డీబగ్గరు ఈసారి అసలు లైను చూపించింది. చుక్కకూ చుక్కకూ మధ్య వ్యవధి చూసే కోడ్ అది, ఆడపడుచు రాసింది.

"ఎవరిదది?" అన్నాడు మేనేజరు.

ఆడపడుచు లేచి నిలబడింది. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు మొహంలో. "నాది సార్."

ఆ ఆఫీసులో ఒకరు రాసింది ఇంకొకరు చదివి సరేననందే ప్రోగ్రాంలోకి పోదు. దీనికి సరేనన్నదెవరో వదినకు తెలుసు. ఊరుకుంటే ఇప్పుడెవరూ అడగరనీ తెలుసు.

"మా ఇద్దరిదీ సార్," అంది. "చదివి బాగుందన్నది నేనే. ఇంటికి పంపితే ఇద్దర్నీ పంపండి. ముందు దీన్ని సరిచెయ్యనివ్వండి."

జవాబు కోసం ఆగకుండా కుర్చీని ఆడపడుచు పక్కకు లాక్కుంది.