రెండో మోత

గొడుగు తనకి కాక గోనెపట్టాకి పట్టి, నిలువునా తడిసి బోజమ్మ వచ్చేసరికి నాణయ్య పందికూరలోకి మిరియాలు నూరుకుంటున్నాడు. పట్టా విప్పకముందే అందులో ఏముందో అతనికి తెలిసిపోయింది. పందొమ్మిదేళ్లుగా ఏ వస్తువు తన గడప తొక్కకుండా ఉంటే బాగుండునని అనుకున్నాడో అదే వచ్చి బల్లమీద పడుకుంది. కరుంబయ్యగారి రెండు గొట్టాల తుపాకీ.

బోజమ్మ ఆ ముసలాయన కోడలు. మొగుడు ఉత్తప్ప లారీ కింద పడి పోయి పదహారేళ్లయింది, పిల్లలు లేరు. కాఫీతోటనీ మామగారినీ ఒంటిచేత్తో లాక్కొస్తోంది. ఆయన మంచం పట్టి రెండు నెలలైందని, ఇప్పుడు గంజి కూడా దిగడం లేదని చెప్పింది. ఆయన కోరిక ఒక్కటే. తను పోయినప్పుడు చావు కబురు చెప్పే రెండు మోతలూ తన తుపాకీలోంచే రావాలి. పొరుగింటి తుపాకీ తెచ్చి తన వాకిట్లో పేల్చారో, ఆ చావు తనది కాదట.

"పేల్చేది నేనే బాబాయ్. పేలుతుందా అని అడగడం లేదు. నా చేతులు నాకు మిగులుతాయా, అది చూసి చెప్పు" అంది.

మామూలుగా అయితే ఇదేం పెద్ద పని కాదు. తుపాకీని పాత టైరుకి కట్టి, తూటాలో మందు కాస్త ఎక్కువ దట్టించి, గోడ చాటునుంచి తాడు లాగితే నిమిషంలో తేలిపోతుంది. కానీ ఈ లోయలో తుపాకీ మోతని అందరూ లెక్కపెడతారు. ఒకటి వినిపిస్తే ఎవరికో కొడుకు పుట్టినట్టు. వెంటవెంటనే రెండు వినిపిస్తే ఎవరో పోయినట్టు. కరుంబయ్య మంచంమీద ఉన్నాడని తెలియనివాళ్లు లేరు. రెండు గొట్టాలూ పరీక్షించారంటే సాయంత్రానికల్లా నలభైమంది తెల్లబట్టలు కట్టుకుని బతికున్న మనిషిని చూడ్డానికి వస్తారు. అందుకని కంటితో, చెవితో తేల్చాలి.

నాణయ్య పటాలంలో ఇరవైరెండేళ్లు తుపాకులు బాగుచేసినవాడు. ఆ మాట ఎవరూ అడక్కుండానే చెప్పుకునే అలవాటూ ఉంది. గొట్టాల్ని కర్రనుంచి విడదీసి, తాడుకి వేలాడగట్టి, ఉలిపిడితో తట్టాడు. గుడిగంటలా మోగాయి, అంటే అతుకులు గట్టిగానే ఉన్నాయి. మళ్లీ బిగించి చెవి దగ్గర ఊపి చూశాడు, ఎక్కడా వదులు లేదు. ఇదంతా కాలయాపన. చూడాల్సిందేదో అతనికి తెలుసు, అందుకే దాన్ని ఆఖరికి పెట్టుకున్నాడు.

గొట్టాల్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాడు. ఎడమదానిలో వెలుగు ఈ కొసనుంచి ఆ కొసకి ఆగకుండా పారింది. కుడిదానిలో, పేల్చేవాళ్ల ఎడమచెయ్యి పట్టుకునే చోట, సన్నటి నీడ ఉంగరంలా చుట్టి ఉంది. తను వదిలేసిన చోటే ఉంది.

పందొమ్మిదేళ్ల కిందట ఆయుధాల పండగనాడు ఉత్తప్ప తుపాకీ మూతిలో తుపాకీ పువ్వనే ఎర్ర అడవిపువ్వు గుచ్చాడు. అందరూ గుచ్చుతారు. జారిపోకుండా కాడకి తడిగుడ్డ చుట్టాడు, అది మాత్రం అతని తెలివి. పూజయ్యాక కొబ్బరికాయల్ని గురిచూసి కొట్టే పందెం దగ్గర కంగారులో పువ్వు లాగేశాడు, గుడ్డ లోపలికి జారిపోయింది. పేల్చేసరికి గొట్టం కప్పని మింగిన పాములా ఉబ్బింది. కాఫీచెట్ల వెనకనుంచి దాక్కుంటూ నాణయ్య దగ్గరికొచ్చి, మీసాలొచ్చిన మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు. నాన్న కొట్టడు బాబాయ్, మాట్లాడ్డం మానేస్తాడు అన్నాడు.

పటాలంలో అయితే అలాంటి గొట్టాన్ని రంపంతో రెండు ముక్కలు కోసి పారెయ్యాలి. ఆ పాఠం ఎంతమందికో చెప్పిన నాణయ్య, ఉబ్బుని లోపల కడ్డీ పెట్టి సుత్తితో అణిచి, పైన నునుపు చేసి, నల్లరంగు పట్టించి ఇచ్చాడు. పూజకే వాడు, పేల్చకు అని చెప్పాడు. నీ నోట ఈ మాట నాన్నదాకా పోకూడదని ఉత్తప్ప ఒట్టు వేయించుకున్నాడు. వారం తర్వాత కరుంబయ్యే వచ్చి, నా తుపాకీకి వయసు తగ్గించావురా నాణయ్యా అని మెచ్చుకుని, ఇంట్లో కాచిన సారా సీసా చేతిలో పెట్టి వెళ్లాడు. నాణయ్య సిగ్గులేకుండా తాగాడు.

సుత్తితో అణిచిన ఇనుము పదిసార్లు ఓర్చుకోవచ్చు, పదకొండోసారి వేళ్లు పట్టుకుపోవచ్చు. మొదటిసారే పట్టుకుపోనూవచ్చు. ఇప్పుడు నిజం చెప్పాలంటే చచ్చినవాడి ఒట్టు తెగాలి. దాంతోపాటు తన పేరూ పోవాలి. ఏది ఎక్కువ బాధించిందో అతనికే బాగా తెలుసు.

బోజమ్మని మజ్జిగ తాగమని వంటింట్లోకి పంపి, కుడిగొట్టం తూటాని గుచ్చే పిన్ను ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇక ఆ వైపు ఎవరు నొక్కినా పేలదు.

"కుడివైపు స్ప్రింగు బలహీనపడిందమ్మా. ఎడమదే వాడు. ఒకటి పేల్చు, ఖాళీ తూటా తీసి ఇంకోటి పెట్టు, మళ్లీ అదే పేల్చు" అన్నాడు.

ఆమె సరే అని తుపాకీ చుట్టుకుని వానలోకి వెళ్లిపోయింది. ఏం, ఎవరి చెయ్యీ పోలేదు, ఎవరి పరువూ పోలేదు అని నాణయ్య తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

తొమ్మిదోనాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే వాగు అవతలినుంచి మోత వినిపించింది. నాణయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తూటా మార్చడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టుకున్నాడు. ఆ లెక్క అయిపోయింది. తడిచేతులకి ఇంకాస్త కలిపాడు, అదీ అయిపోయింది. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఎవరో తెలియక కుడివైపు నొక్కి ఉంటారు. ఒక్క మోతతో పోయాడంటే లోయంతా ఏమనుకుంటుంది? మగదిక్కు లేని ఆ ఇంట్లో కొడుకు పుట్టాడని నవ్వుకుంటుంది. కరుంబయ్య చావుకి ఒక్క మనిషి రాడు. గోడనున్న తన తుపాకీ అందుకుని, ఎంగిలిచేత్తోనే వాకిట్లోకి పరుగెత్తి, ఆకాశంలోకి ఒకటి పేల్చాడు. గుండెల్లో బరువు దిగినట్టయింది.

పొలం గట్లమీద పడుతూ లేస్తూ అతను వెళ్లేసరికి జనం చేరుతున్నారు. కరుంబయ్యకి స్నానం చేయించి పొడుగు అంగీ, తెల్ల కుప్య తొడిగారు. ఆయన తమ్ముడి కొడుకు మందణ్ణ చుట్టూ నలుగుర్ని పోగేసుకుని, పిన్నే లేని తుపాకీని బాగుచేశానన్నాడట ఆ పటాలం మనిషి అని చెబుతున్నాడు. నాణయ్యని చూసి నోరు మూశాడు. బోజమ్మ వచ్చి, కట్టెల పాక వెనక్కి రమ్మని తల ఆడించింది.

"స్ప్రింగు అన్నావు. విప్పితే పిన్నే లేదు. ఎందుకు తీశావు బాబాయ్?"

పువ్వు, గుడ్డ, సుత్తి, ఒట్టు, అన్నీ చెప్పాడు. ఇన్నేళ్లు మోసినది చెప్పడానికి బీడీ కాలినంతసేపైనా పట్టలేదు. ఆమె మొగుడి పేరు వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది.

"గొట్టం పగులుతుందని నాతో అనుంటే ఆ తుపాకీ ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. స్ప్రింగు అన్నావని మందణ్ణకీ స్ప్రింగనే చెప్పాను. స్ప్రింగుకి ఎవరు భయపడతారు? నేను మామగారి నోట్లో నీళ్లు పోస్తుంటే వాడే తీసుకెళ్లాడు. ఎడమది పేల్చి, స్ప్రింగు సంగతి చూద్దామని కుడిది నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ నొక్కుతూ కూచున్నాడు."

"అందుకేనమ్మా, రెండోది రాకపోయేసరికి నేను..."

"నేను బయటికొచ్చి లాక్కున్నాను. ఎడమదాన్లో కొత్త తూటా పెట్టాను. ఎత్తి, నొక్కబోతున్నాను. అప్పుడు నీది పేలింది."

నాణయ్య ఆమె చేతులవైపు చూశాడు. చావుకి రెండే మోతలు. మూడోది పేల్చడం ఏ ఇంటా లేదు. చెవుల్లో తన మోత మోగుతుంటే ఆవిడ తుపాకీ దించేసి ఉంటుంది. ఎత్తినదాన్ని దించుకున్న ఆ చేతులకి ఒక్క వేలు కూడా తగ్గలేదు.

బోజమ్మ కొంగుముడి విప్పి, పేలని తూటాని అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"మామగారి రెండో మోత. నీ దగ్గరే ఉంచుకో" అంది, శవం దగ్గరికి వెళ్లిపోయింది.