ఆదివారానికి రెండు పేర్లు

పందొమ్మిదేళ్లుగా ఆ హోటల్ గదుల్లో పక్కలు సర్దుతున్న వివియా, ఆ శుక్రవారం మధ్యాహ్నం మొట్టమొదటిసారి అక్కడి మంచం మీద కూర్చుంది. కూర్చున్నదల్లా చటుక్కున లేచి, దుప్పటి మీద పడ్డ ముడతను అరచేత్తో సాపు చేసింది.

"అమ్మా, ఈ మూడ్రోజులూ అది మన మంచమే," అంది కూతురు జోడియన్, అప్పటికే ఈత బట్టలు వేసేసుకుని.

"తెలుసులే. తడి కాళ్లతో తివాచీ తొక్కకు, మరక పోదు."

"పోగొట్టేది నువ్వు కాదుగా ఇవాళ!" అని భర్త రాన్స్‌ఫర్డ్ గది అదిరేలా నవ్వాడు.

ఫాల్మత్ నుంచి మాంటేగో బే దాకా రోజంతా వ్యాను తోలే మనిషి అతను. పెళ్లయ్యాక సెలవు పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మణికట్టుకు కట్టిన నీలం పట్టీని మురిపెంగా తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆ పట్టీ ఉంటే చాలు, లోపల ఏం తిన్నా, ఏం తాగినా, ఏ పడవ ఎక్కినా ఎవరూ ఏమీ అడగరు. అతని తల్లి ఐసిల్డాకు మాత్రం హోటల్ తిండి మీద నమ్మకం లేదు. పొద్దున్నే కాచుకు తాగడానికి ఎండబెట్టిన కాకరాకు పొట్లం కట్టి వెంట తెచ్చుకుంది.

ఆ ఏటి ఉత్తమ ఉద్యోగి అని హోటల్ వాళ్లు వివియాకు ఇచ్చిన బహుమానం అది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఇంటిల్లిపాదీ అతిథులుగా ఉండొచ్చు. గోడ మీద ఆమె ఫొటో కూడా పెట్టారు. అందరికీ తెలిసింది అంతవరకే.

తెలియనిది గురువారం సాయంత్రం మేనేజర్ హాటన్ గదిలో జరిగింది. ఆయన తలుపు వేసి, కుర్చీ చూపించి, మెల్లగా చెప్పాడు. తూర్పు వైపు బ్లాకును మరమ్మతులకు మూసేస్తున్నారు. వివియా జట్టులో ఐదుగురు ఆడవాళ్లున్నారు కదా, ముగ్గురు చాలు. వచ్చే నెల నుంచి వాళ్ల మీద వివియాను సూపర్‌వైజర్‌ను చేస్తారు.

"ఎవరి పని ఎలాంటిదో నాకంటే నీకే బాగా తెలుసు వివియా. ఆదివారం మధ్యాహ్నంలోగా తీసేయాల్సిన ఇద్దరి పేర్లు రాసివ్వు. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు, ఇంట్లో కూడా."

"సరే సార్," అంది వివియా.

అంత తొందరగా ఎందుకు సరే అన్నానా అని ఆమె గురువారం రాత్రి నుంచీ తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

తలుపు తట్టిన చప్పుడైంది. జట్టులో అందరికంటే చిన్నది క్లాడీన్, చేతుల నిండా తువ్వాళ్లతో నిలబడి ఉంది. పై తువ్వాలును హంసలా మడిచి, దాని మెడలో ఎర్ర మందారం గుచ్చింది.

"దొరసానిగారికి ఇంకేమైనా కావాలాండీ?" అని ఒక కాలు వెనక్కి పెట్టి వంగింది.

"పోవే!" అని వివియా నవ్వబోయింది. నవ్వు రాలేదు. "మీ వాడు బడికి ఏడవకుండా వెళ్తున్నాడా?"

"మొన్నటిదాకా నేనే ఏడ్చాను అక్కా, వాడు కాదు. యూనిఫాం వేసుకుంటే చిన్న పోలీసులా ఉంటాడు." క్లాడీన్ లోపలికి తొంగి చూసి గొంతు తగ్గించింది. "పక్క ఎలా ఉంది? నేనే వేశాను. తప్పులు వెతక్కు, నీకు దణ్ణం పెడతాను."

ఆమె వెళ్లాక వివియా ఆ హంసను బల్ల మీద పెట్టింది. కాసేపటికి దాన్ని విప్పి, మామూలుగా మడిచి, స్నానాల గదిలో పెట్టేసింది.

శనివారం పొద్దున ఫలహారాల దగ్గర ఐసిల్డా పళ్లెంలో వేలు పెట్టి కెలుకుతూ కూర్చుంది.

"ఈ ఉప్పుచేపకు ఎవరో తలంటి పోశారు. ఉప్పన్నది లేదు. ఈ అకీ పండు చూడు, ఉడికి పేస్టులా ఉంది. సీమపనస ఒక్కటే కాస్త బాగా కాలింది."

"బాగాలేదంటూనే రెండు పళ్లేలు లాగించావు," అన్నాడు రాన్స్‌ఫర్డ్, మూడో పళ్లెంతో వచ్చి కూర్చుంటూ.

"బాగుందో లేదో తినకుండా ఎలా తెలుస్తుందిరా?"

జోడియన్ పకపకా నవ్వింది. వివియా కూర్చున్న చోట కూర్చోలేకపోతోంది. ఖాళీ పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి లేవబోయింది. వడ్డించే కుర్రవాడు పరుగున వచ్చి ఆపాడు. మళ్లీ కూర్చుని, బల్ల మీది రొట్టె పొడి ఒక పక్కకు ఊడ్చింది. మనసులో మాత్రం ఆ ఐదుగురినీ వరుసగా నిలబెట్టి చూస్తోంది. క్లాడీన్ చేరి రెండేళ్లే అయింది. మెర్నాకు భుజం అరిగిపోయింది, అందరూ పద్నాలుగు గదులు ముగించేసరికి ఆమె పదకొండో దాంట్లోనే ఉంటుంది. నార్డా వారంలో రెండుసార్లయినా ఆలస్యంగా వస్తుంది. మిగతా ఇద్దరూ, ఆర్లీన్, ఆమె ఆడపడుచు, పనిలో గట్టివాళ్లే, కాని ఒకరిని తీస్తే రెండో మనిషి ఉండదు. ఎవరి పేరు దగ్గర ఆగినా ఆ మనిషి వంటిల్లు కళ్ల ముందు కనబడుతోంది.

అప్పుడే ఎవరో తెల్లావిడ వచ్చి ఆమె భుజం తట్టింది. "మా గదిలో తువ్వాళ్లు లేవు. రెండు పంపిస్తారా?"

వివియా లేచింది. నిల్వగది ఎక్కడుందో కాళ్లకే తెలుసు. తెచ్చి ఇచ్చి, "ఇంకేమైనా కావాలామ్మా?" అని కూడా అడిగి వచ్చేసరికి, రాన్స్‌ఫర్డ్ ఫోర్కు పక్కన పెట్టేసి చూస్తున్నాడు.

"చేతికి పట్టీ ఉంది కదా? ఎత్తి చూపించడానికేం?"

"ఆవిడకేం తెలుసు పాపం."

"ఆవిడకు తెలియదు సరే. నీకు తెలియదా? పందొమ్మిదేళ్లు వాళ్లకు చేశావు, మూడ్రోజులు నాతో కూర్చోలేవా? నిన్నటి నుంచీ చూస్తున్నా, నీ ప్రాణం ఎక్కడో ఉంది."

"నాన్నా, అందరూ వింటున్నారు," అంది జోడియన్.

అతను కూతురిని తీసుకుని పడవలవైపు వెళ్లిపోయాడు. వివియా వెనకే వెళ్లబోయి, సగం దారిలో ఆగి, తనకే తెలియకుండా వరండా వైపు తిరిగింది. అక్కడ తలుపు తెరిచిన గదిలో మెర్నా ఒక్కతే పెద్ద పరుపుతో తంటాలు పడుతోంది. వివియా రెండో వైపు పట్టుకుని ఎత్తింది.

"వదులు! ఎవరైనా చూస్తే నా మీదకొస్తుంది," అంది మెర్నా. కాని పరుపు తిరగబడ్డాక గోడకు ఆనుకుని, భుజం నొక్కుకుంటూ ఊపిరి పీల్చుకుంది. "నువ్వు లేకపోయేసరికి నీ గదులు కూడా మా నెత్తినే పడ్డాయి. దెప్పడం లేదులే, కాస్త నవ్వు. అవునూ, నిన్ను సూపర్‌వైజర్‌ను చేస్తారని వంటవాళ్లు చెప్పుకుంటున్నారు, నిజమేనా?"

"ఎవరన్నారు?"

"ఎవరైతేనేం. మంచిదేలే. మనలో మనిషి పైనుంటే మాకు బెంగుండదు."

వివియా దిండుకు గలేబు తొడిగి, మూల సరిగా రాలేదని తీసి, మళ్లీ తొడిగింది. వస్తానక్కా అని బయటపడింది.

గదికి వచ్చి, ఫోను పక్కనుండే చిన్న కాగితాల పుస్తకం తీసుకుని, నార్డా, క్లాడీన్ అని రాసింది. చింపేసింది. మెర్నా, నార్డా అని రాసింది. తను పనిలో చేరిన మొదటి రోజున దుప్పటి మూలలు మడవడం నేర్పింది మెర్నాయే. ఆ కాగితమూ చింపింది. ముక్కలు చెత్తబుట్టలో వేసి, ఆ బుట్ట ఖాళీ చేసేది క్లాడీనే అని గుర్తొచ్చి, వంగి ఒక్కొక్క ముక్కా ఏరుకుంది.

"ఏం ఏరుతున్నావే అమ్మాయ్?"

ఐసిల్డా బాల్కనీ లోంచి లోపలికి వచ్చింది. ఆవిడ అక్కడున్న సంగతే వివియా మరచిపోయింది.

"ఏం లేదత్తయ్యా."

"నిన్నటి నుంచీ బక్కెట్లో వేసిన ఎండ్రకాయలా గీరుకుంటున్నావు. కూర్చోవు, నిలబడవు. నిన్న పిల్లతో సముద్రంలో దిగి కూడా ఒడ్డువైపే చూశావు. చెప్పు."

చెప్పొద్దన్న మాట ఇక నోట్లో ఆగలేదు. వివియా అంతా చెప్పేసింది. ముక్కలున్న గుప్పిట మూసుకునే చెప్పింది.

ముసలావిడ మంచం మీద, ముడతల సంగతి పట్టించుకోకుండా, స్థిరంగా కూర్చుంది.

"మీ మామగారు చెరకు తోటలో మేస్త్రీగా ఉన్నప్పుడు దొర ఇలాగే అడిగాడు. అప్పుడు ముగ్గుర్ని."

"ఇచ్చారా?"

"ఇచ్చాడు. నాకు పిల్లలు చిన్నవాళ్లు, నేనే ఇమ్మన్నాను. తరవాత ఆ ముగ్గురి ఇళ్ల ముందు నుంచి వెళ్లలేక, కాలవ వెనకనుంచి చుట్టూ తిరిగి పనికి పోయేవాడు. సైకిలు మీద. వానలో బురదలో కూడా. ఒకడు చచ్చిపోతే చూడ్డానికి వెళ్లలేదు."

"అయితే నన్నేం చేయమంటారు?"

"నాకేం తెలుసే? నీకు ఆ ఉద్యోగం వస్తే నా కొడుకు ఒళ్లు కాస్త సుఖపడుతుంది. అదీ తెలుసు. సైకిలు సంగతీ తెలుసు. రెండూ చెప్పాను." ఐసిల్డా చెప్పులు వెతుక్కుంది. "ఇంక నన్ను ఆ నీళ్లలోకి తీసుకుపో. నడుము దాకా దిగుతాను, అంతకంటే దిగను."

ఆదివారం ఏడింటికి పనివాళ్లు గుడ్డల గదిలో చేరి ఎవరికి ఏ గదులో చూసుకుంటారు. రాన్స్‌ఫర్డ్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. వివియా పూల గౌనుతోనే మెట్లు దిగి వెళ్లింది. అయిదుగురూ ఒక్కసారి ఈలలు వేసి, చప్పట్లు కొట్టారు.

"దొరసాని దారి తప్పింది!" అంది నార్డా. ఆ రోజు, ఆశ్చర్యంగా, వేళకే వచ్చింది.

వివియా తలుపు మూసింది. "నేను చెప్పేది పూర్తిగా విని, తరవాత తిట్టండి," అని మొదలుపెట్టింది. దాచకుండా చెప్పింది. గురువారం హాటన్ పిలవడం, తూర్పు బ్లాకు, సూపర్‌వైజర్ పని, రెండు పేర్లు.

మొదట క్లాడీన్ నోరు విప్పింది. "నా పేరు రాశావా?"

"రాశాను. చింపేశాను."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం."

"శుక్రవారం నా కొడుకు గురించి అడిగినప్పుడే నీకిది తెలుసు."

"తెలుసు."

"నేను హంసను చేసి తెచ్చాను నీకు." క్లాడీన్ చేతిలోని దుప్పట్లను పక్కనున్న తోపుడు బండిలోకి విసిరికొట్టింది.

"నా పేరు కూడా రాసే ఉంటావులే," అంది మెర్నా, నేల చూస్తూ. వివియా తలూపింది. "రాయకపోతే బుద్ధి లేనట్టే. నా భుజం సంగతి నాకు తెలియదా."

ఆర్లీన్ ఏడుపు మొదలుపెట్టింది. ఆమె ఆడపడుచు హాటన్‌ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ గోలలో నార్డా వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుని, బండి మీద చరిచింది.

"ఆగండే! ఆయనకు కావలసింది ముగ్గురూ, పైన ఒక సూపర్‌వైజరూ. అంటే నలుగురు. మనం ఆరుగురం. వారానికి ఇద్దరు చొప్పున ఇంట్లో కూర్చుంటే సరిపోదూ? వంతులు వేసుకుందాం. బ్లాకు తెరిచేదాకా."

"మరి వివియా సూపర్‌వైజరైతే ఆమెకు వంతెలా?" అంది ఆడపడుచు.

అందరూ ఆమెకేసి చూశారు. వివియాకు రాన్స్‌ఫర్డ్ ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది.

"నేనూ వంతులోనే ఉంటాను," అంది. ఈసారి కూడా తొందరగానే అంది.

మధ్యాహ్నం హాటన్ ఆమె ఇచ్చిన కాగితం చూసి కళ్లజోడు తీశాడు. "నేనడిగింది రెండు. ఇక్కడ ఆరున్నాయి. నీ పేరుతో సహా."

"వంతులు వేసుకున్నాం సార్. ఏ వారం ఎవరు రారో కిందే రాశాం."

"ఎవరికీ చెప్పొద్దన్నాను."

"అన్నారు సార్. నేను సరే అన్నాను. అది తప్పు."

ఆయన కేకలు వేయలేదు. వేసుంటే బాగుండు అనిపించింది ఆమెకు. "నీ మీద చాలా ఆశ పెట్టుకున్నాను," అని, కాగితం సొరుగులో పెట్టి, పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. గోడ మీది ఆమె ఫొటో ఉంచుతారో తీసేస్తారో ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు వ్యానులో చెప్పింది భర్తకు. జోడియన్ వెనక సీట్లో నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. రాన్స్‌ఫర్డ్ వంతెన దాటాక వ్యాను వేగం తగ్గించాడు.

"మా అమ్మకు చెప్పావు. వాళ్లకు చెప్పావు. చివరికి నాకు."

"నీకు చెబితే తీసుకోమనేవాడివి."

"అవును, అనేవాణ్ని!" స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "అనేవాణ్ని. నువ్వు వద్దనేదానివి. ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. అదైనా ఉండేది."

మూడ్రోజుల్లో మొదటిసారి వివియా చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి.

పదిరోజులకు పైనుంచి జవాబు వచ్చింది. వంతుల పద్ధతి రెండు నెలలు చూస్తారు, కుదరకపోతే హాటనే పేర్లు రాస్తాడు. సూపర్‌వైజర్‌గా పడమటి బ్లాకు నుంచి ఒకావిడను తెచ్చారు. ఆవిడ దుప్పటి మూలలను వేలితో గీసి మరీ చూస్తుంది. మొదటి వారం ఇంట్లో ఉండే వంతు వివియాకూ మెర్నాకూ పడింది. మెర్నా ఆ వారమంతా భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టుకుని, ఇన్నేళ్లలో ఇలా పడుకున్నది లేదని ఫోనులో చెప్పింది.

క్లాడీన్ మాత్రం పనికి కావలసినంత వరకే మాట్లాడుతుంది. ఇద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకున్నప్పుడు "నీ వైపు లాగు" అంటుంది. వివియా లాగుతుంది. మీ వాడు ఎలా ఉన్నాడని అడగాలని రోజూ నోటిదాకా వస్తుంది. ఇంకా అడగలేదు.