రేకుల గోడ వెనక

రేకులు పాతడానికి వచ్చినవాళ్లు ముందుగా చెప్పులు కుట్టే తాతను లేపారు. ఆయన కూర్చున్నచోటే గుంట తవ్వాలన్నారు. "ఈ ఒక్క కుట్టూ వేసి లేస్తానయ్యా" అన్నాడు తాత. కాంట్రాక్టరు మేస్త్రి ఆ మాట పూర్తి కానివ్వలేదు. పెట్టెను కాలితో నెట్టాడు. మేకులు, దారపుండలు రోడ్డంతా దొర్లాయి. వీధి వీధంతా చూసింది.

మళ్లింపమ్మాయి కూడా చూసింది. వంగి మేకులేరి తాత చేతిలో పెట్టింది. అంతకుమించి ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

ఆ పేరు ఆమెకు వీధివాళ్లు పెట్టిందే. భూమిలో పెద్ద గొట్టాలు వేయడానికి రోడ్డు మూసి బండ్లన్నీ వేరే దారిన మళ్లిస్తున్నారు. దుకాణాలను అందుకు సిద్ధం చేయడానికి నగరపాలక కార్యాలయం ఆమెను తాత్కాలికంగా పెట్టుకుంది. చదువయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం. మనసు పెట్టి చేసింది. కలప అడితివాళ్లతో సరుకు ముందే తెప్పించింది. 'దుకాణాలు తెరిచే ఉన్నాయి' అని బోర్డులు తనే రాసి మెయిన్ రోడ్డు మొదట్లో కట్టింది. బరువులు మోయడానికి తోపుడుబళ్లవాళ్లను ఒక్కతాటి మీదికి తెచ్చింది. వాళ్లందరికీ పెద్దదిక్కు బండిమామ. "నీ పుణ్యాన మాక్కూడా ఓ యూనియన్ తగలడిందే అమ్మాయ్" అని నవ్వేవాడు.

బట్టలు కుట్టే మిషనక్క మాత్రం సరుకు గురించి అడగలేదు. ఆమె కొట్టు వెనకే ఇల్లు. పురిటికి వచ్చిన కూతురు అక్కడే గుమ్మంలో కూర్చుని గుండీలు కుట్టేది.

"అదంతా సరే తల్లీ, మా పిల్లకి నెలలు నిండాయి. అంబులెన్స్ ఎటునుంచి వస్తుంది?"

"ఈ చివర గేటు పెడతారు పిన్నీ. పగలూ రాత్రీ మనిషుంటాడు. ఆఫీసరుగారే చెప్పారు."

గేటు పెట్టారు. తరవాత దాని ముందు గొట్టాలు పేర్చుకుని తాళం వేశారు. కాపలావాణ్ణి ఇంకో పనికి పంపేశారు. వీధి అవతలి చివర, మెయిన్ రోడ్డు మూల మీది పెద్ద షోరూముకు మాత్రం కార్లు వచ్చిపోయేందుకు రేకుల మధ్య వెడల్పాటి దారి వదిలారు.

ఆ సంగతి మీద మీటింగు జరిగింది. ఆఫీసరు తెర మీద బొమ్మలు చూపించి, "తాత్కాలికమే కదా, కాస్త సర్దుకోండి" అన్నాడు.

"ఆకలి కూడా తాత్కాలికంగా వేస్తే బాగుండు సార్" అన్నాడు బండిమామ.

హాలంతా నవ్వింది. వర్తక సంఘం అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. "గొడవ పెట్టుకుంటే పని ఇంకా లేటవుతుంది. మర్యాదగా పోదాం" అన్నాడు.

"మీ గోడౌనుకి వెనకవైపు తలుపుంది కాబట్టి మీకు మర్యాద గుర్తొస్తోంది. మాకున్నది ఈ ఒక్క రోడ్డే" అన్నాడు బండిమామ.

మళ్లింపమ్మాయి లేచి గేటు తాళం సంగతి అడిగింది. "కాంట్రాక్టరుతో మాట్లాడతాను. నువ్వెళ్లి వాళ్లకి ధైర్యం చెప్పు" అన్నాడు ఆఫీసరు. ఆమె వెళ్లి ధైర్యం చెప్పింది.

పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉండగా మిషనక్క కూతురికి నొప్పులొచ్చాయి. అంబులెన్స్ వచ్చింది. దాని కూత రేకుల అవతల వినిపిస్తూనే ఉంది, బండి మాత్రం లోపలికి రాలేదు. ఎవరో రాయి తీసుకుని తాళం మీద కొట్టారు. అది ఊడినా గొట్టాలు కదల్లేదు. బండిమామ తన తోపుడుబండి మీద దుప్పటి పరిచాడు. పిల్లను పడుకోబెట్టి, గుంటల మీద వేసిన పలకల మీదుగా, వీధి అవతలి చివరిదాకా తోశారు. ప్రతి కుదుపుకీ ఆ పిల్ల తల్లి చేతిని కొరికింది. మెయిన్ రోడ్డు చేరకముందే, బండి మీదే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. మిషనక్క వీపు తట్టింది, కాళ్లు పట్టుకుని తలకిందులు చేసింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. అయినా ఏడవలేదు.

మర్నాడు ఆఫీసరు మళ్లింపమ్మాయిని గదిలోకి పిలిచాడు. "గేటు ముందు సామాన్లు పెట్టింది వీధివాళ్లేనని నువ్వు పేపరోళ్లకి చెప్పాలి. నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

తిన్నగా మిషనక్క గుమ్మం దగ్గరికి వెళ్లి కూలబడింది. లోపల బాలింత గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పాలు పడి రవిక తడిసిపోతోంది. తాగేవాళ్లు లేరు.

"గేటుంటుందని నీతో చెప్పింది నేనే పిన్నీ."

"నీకెవరు చెప్పారు?"

"ఆఫీసరు."

"వాడి మొహం నేనెప్పుడూ చూళ్లేదు. నీ మొహం చూశాను, నమ్మాను. అందుకే ఇవాళ నీకేసి చూడలేకపోతున్నాను." మిషనక్క లోపలికెళ్లి కూతురి మీద దుప్పటి సరిచేసి వచ్చింది. "ఇక్కడ కూర్చుని ఏడవకు. నా ముందు చెప్పిన మాట వాళ్ల ముందు చెప్పు."

తెల్లవారాక వీధి బయటికొచ్చింది. అచ్చు ప్రెస్సులో పనివాళ్లు, కలప కోసేవాళ్లు, కుట్టుపని ఆడవాళ్లు, బళ్లవాళ్లు అందరూ స్పానర్లతో వచ్చారు. నినాదాలు లేవు. ఒక్కో బోల్టూ విప్పి ఒక్కో రేకునూ కింద పడుకోబెట్టారు. అధ్యక్షుడు షట్టరు సగం దించి చూస్తూ నిలబడ్డాడు. ఆయన గుమస్తా మాత్రం ఆ షట్టరు కిందనుంచి దూరి వచ్చి స్పానరు అందుకున్నాడు.

పోలీసులొచ్చారు. వాళ్ల వెనక ఆఫీసరు, కాంట్రాక్టరు వచ్చారు. మళ్లింపమ్మాయి వాళ్లకెదురుగా నిలబడింది.

"దారి ఉంటుందని ఈ నోటితోనే ఇంటింటికీ చెప్పాను. చెప్పమన్నది ఈయన. తాళం వేసింది ఆయన. బిడ్డ పోయింది. ఇప్పుడు తప్పు ఈ వీధిదేనని చెప్పమంటున్నారు. చెప్పను."

లాఠీలు లేచాయి. బండిమామ తల పగిలింది. అతన్నీ, అమ్మాయినీ, మిషనక్కనూ వ్యానులోకి తోశారు. వీధి వ్యాను వెనకే నడిచి స్టేషను ముందు కూర్చుంది.

మధ్యాహ్నం అక్కడికి పక్క వీధి సెలూనతను వచ్చాడు. రేకులు పాతే వంతు ఇక వాళ్ల వీధిదే. లాకప్పు కిటికీ ఊచల దగ్గర నిలబడి, "అమ్మాయ్, మమ్మల్ని సిద్ధం చేయడానికి ఇవాళ నువ్వు రావాల్సింది. రేకుల లారీ బయల్దేరిందంట. మేమేం చేయాలి?" అన్నాడు.

అమ్మాయి నోరు తెరవబోయింది. అప్పటిదాకా గోడకానుకుని ఎటో చూస్తున్న మిషనక్క లేచి ఊచలు పట్టుకుంది.

"మీ వీధిలో కడుపుతో ఉన్నవాళ్లెవరన్నా ఉన్నారా నాయనా?"

"మా చెల్లెలుందక్కా."

మిషనక్క కొంగు నోట్లో కుక్కుకుని, దుఃఖం దిగమింగి, అతని కళ్లల్లోకి చూసింది.

"అయితే ఒక్క గుంట కూడా తవ్వనివ్వకండి."

అతను పరుగు తీశాడు. స్టేషను ముందు కూర్చున్నవాళ్లలో సగం మంది లేచి అతని వెంట నడిచారు. లారీ ఆ వీధిలోకి వచ్చేసరికి, గుంటల కోసం సున్నంతో గుర్తు పెట్టిన ప్రతిచోటా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.